నీ నవలలోని ఆ పిల్లవాడి గురించి

హనుమకొండ

ప్రియమైన తమ్ముడికి,

నీ నవల రాతప్రతిని పూర్తిగా చదివాను. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) చప్పుడు, బీడీల చాట ముందు వంగి కూర్చున్న తల్లి, రాజీవ్ రహదారి పక్కన అర్ధరాత్రి లారీలు ఆగే దాబాలు, ఇవన్నీ నీవు దగ్గరగా చూసి రాసినవని తెలుస్తూనే ఉన్నది, వాటి గురించి నేను చెప్పవలసినదేమీ లేదు. ఈ ఉత్తరం ప్రధానంగా పదకొండో అధ్యాయం గురించి. ఏడుగురు స్త్రీలను చంపిన నీ కథానాయకుడు పోలీసుల ముందు కూర్చొని తన బాల్యాన్ని చెప్పుకొనే అధ్యాయం అది. తండ్రి బెల్టు, తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోవడం, హాస్టల్లో పెద్ద పిల్లల చేతిలో పడ్డ అవమానం, వీధికుక్కను చంపిన మధ్యాహ్నం వరుసగా వస్తాయి. ఆ తర్వాత ఒక ఖాళీ వరుస విడిచిపెట్టి, వెంటనే ఇరవై ఏళ్ల తర్వాతి మొదటి హత్య రాశావు.

పాఠకుడు ఆ పేజీ దగ్గర "అందుకే ఇట్ల తయారైండు" అనుకొని తృప్తి పడతాడు. ఆ "అందుకే" నాకు సమ్మతం కాదు. బాల్యానికి ప్రాధాన్యం లేదని నా అభిప్రాయం కాదు. ఒక మనిషి హంతకుడు కావడంలో చిన్నతనపు గాయాలకు పెద్ద పాత్రే ఉండవచ్చు. కాని గాయానికీ హత్యకూ మధ్య నీవు గీసిన గీత తిన్నగా ఉన్నది, జీవితంలో అది ఎక్కడా అంత తిన్నగా ఉండదు. నీవు ఖాళీగా విడిచిన ఆ ఇరవై ఏళ్లలోనే ఈ నవల ఉన్నదని నాకు అనిపిస్తున్నది.

ముందు మన చుట్టూ ఉన్న పిల్లల సంగతి చూడు. కేంద్ర ప్రభుత్వ స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనం 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను నేరుగా అడిగి తయారుచేసినది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉన్నది. ఆ పిల్లల్లో ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లు; సగానికి మించినవాళ్లు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనవాళ్లు. బెల్టు దెబ్బ దానంతట అదే హంతకుడిని తయారుచేయగలిగితే ఏ ఊరిలోనూ మనిషి బతికి ఉండేవాడు కాదు. ఆనాడు దెబ్బలు తిన్న పిల్లలు ఇవాళ హనుమకొండ చౌరస్తాలో ఆటో నడుపుతున్నారు, ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు, బడుల్లో పాఠాలు చెబుతున్నారు, తమ పిల్లల మీద చేయి ఎత్తకూడదని తమకు తాము ఒట్టు పెట్టుకొని, చాలావరకు ఆ ఒట్టు నిలబెట్టుకుంటున్నారు. వాళ్లలో కొందరు నీ నవల చదువుతారు. ఆ అధ్యాయం తమ గురించి ఏం చెబుతున్నదని వాళ్లు అనుకోవాలి?

ఇదే విషయాన్ని రెండో వైపు నుంచి కూడా చూడాలి, లేకపోతే నేను నీకు సగం నిజమే చెప్పినదాన్ని అవుతాను. అమెరికాలో మిచెల్, ఆమోట్ అనే ఇద్దరు పరిశోధకులు లైంగిక ప్రేరణతో వరుస హత్యలు చేసిన 50 మంది బాల్యాన్ని పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో సగం మంది చిన్నప్పుడు మానసిక హింసను, 36 శాతం శారీరక హింసను, 26 శాతం లైంగిక హింసను అనుభవించినవాళ్లు. సాధారణ జనంలో శారీరక హింస 6 శాతం, లైంగిక హింస 3 శాతం అన్న అంచనాతో పోల్చారు కాబట్టి ఆ తేడా చాలా పెద్దది. మన దేశపు అంకెలను వాటి పక్కన పెట్టి పోల్చకు; ప్రశ్నలు వేరు, నిర్వచనాలు వేరు. అయితే అదే అధ్యయనంలో దాదాపు మూడో వంతు హంతకుల విషయంలో ఏ రకమైన హింసా నమోదు కాలేదు. అంటే హంతకుడి దగ్గర నిలబడి వెనక్కి చూస్తే గాయపడిన బాల్యం తరచుగా కనిపిస్తుంది. గాయపడిన పిల్లవాడి దగ్గర నిలబడి ముందుకు చూస్తే హంతకుడు దాదాపుగా కనిపించడు. ఈ రెండూ ఒకేసారి నిజాలే. నీ నవల మొదటి చోట మాత్రమే నిలబడి ఉన్నది.

ముందుకు చూడడమంటే ఎలా ఉంటుందో క్యాథీ విడమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసి చూపించింది. 1967 నుంచి 1971 వరకు అమెరికాలోని ఒక ప్రాంతపు కోర్టు దస్త్రాల్లో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్లు నిర్ధారణ అయిన 908 మంది పిల్లల పేర్లు తీసుకొని, అదే వయసు, అదే రకమైన కుటుంబాలు ఉన్న ఇతర పిల్లలతో పోల్చి, పెద్దయ్యాక వాళ్లు ఏమయ్యారో వెతికింది. 1989లో ఆమె ప్రచురించిన ఫలితాల ప్రకారం హింసాత్మక నేరాలకు అరెస్టయినవాళ్లు మొదటి గుంపులో నూటికి సుమారు 11 మంది, రెండో గుంపులో సుమారు 8 మంది. పెరుగుదల ఉన్నది, దానిని తక్కువ చేయకూడదు. కాని మిగిలిన 89 మంది కూడా ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. పైగా ఇక్కడ లెక్కించినది హింసాత్మక నేరాలన్నిటినీ. వరుస హత్యలు వాటిలో లెక్కకు అందనంత అరుదు. ఇంత అరుదైన దానికి ఇంత సాధారణమైన కారణం చెప్పే రచయితను పాఠకుడు నమ్మడం అలవాటు వల్లనే తప్ప ఆలోచన వల్ల కాదు.

ఇక హంతకుడు తన నోటితో తన బాల్యాన్ని చెప్పడం గురించి. పోలీసుల ముందు కూర్చున్న మనిషి చెప్పే జ్ఞాపకం సాక్ష్యం మాత్రమే కాదు, అది ఒక ప్రయత్నం కూడా. 1970ల చివర్లో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అధికారులు రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ జైళ్లకు వెళ్లి 36 మంది హంతకులతో మాట్లాడడం మొదలుపెట్టారు. ఈనాడు మనం సినిమాల్లో, వార్తల్లో వింటున్న సగం మాటలు అక్కడి నుంచి వచ్చినవే. ఆ పని విలువైనది. కాని ఆ 36 మంది పట్టుబడినవాళ్లు, మాట్లాడడానికి ఒప్పుకొన్నవాళ్లు, ఎదుటివాళ్లను ఆకట్టుకోవడంలో కొందరు ఆరితేరినవాళ్లు. హెన్రీ లీ లూకస్ అనేవాడు వందలాది హత్యలు చేశానని ఒప్పుకొన్నాడు, వాటిలో చాలా భాగం అబద్ధమని తర్వాత తేలింది. తల్లి పెట్టిన చిత్రహింసల గురించి అతడు చెప్పినవాటిలో ఎంత నిజమో వేరుచేయడం ఆ తర్వాత ఎవరికైనా కష్టమే. రష్యాలో 52 హత్యలకు 1992లో మరణశిక్ష పడిన ఆండ్రే చికటీలో అనే హంతకుడు 1936లో, ఉక్రెయిన్ మహాకరువు ముగిసిన కొద్ది కాలానికే పుట్టాడు. తన కన్నా ముందు పుట్టిన అన్నను కరువులో ఎవరో ఎత్తుకుపోయి తినేశారని తల్లి తనకు పదే పదే చెప్పేదని అన్నాడు. ఆ అన్న పుట్టినట్లు గాని చనిపోయినట్లు గాని దస్త్రం దొరకలేదు. కరువు నిజం, పిల్లవాడి భయం నిజమై ఉండవచ్చు, ఆ సంఘటన మాత్రం జరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. నవలాకారుడికి ఇది గొప్ప అవకాశం. నీ కథానాయకుడు చెప్పేదంతా చెప్పనివ్వు, కాని అదే సంఘటనను అతడి చెల్లెలి నోట మరొక రకంగా వినిపించు. తండ్రి కొట్టిన రోజున తానూ అదే గదిలో ఉన్నానని, తనకూ అదే బెల్టు తగిలిందని ఆమె చెప్పాలి. రాతప్రతిలో చెల్లెలు రెండు వాక్యాలకే పరిమితమైంది. అదే ఇంట్లో, అదే తండ్రి కింద పెరిగి ఎవరినీ చంపని మనిషి ఆమె. ఆమెకన్నా బలమైన ప్రశ్న నీ నవలలో మరొకటి లేదు.

వీధికుక్క, పక్క తడపడం, నిప్పు పెట్టడం: ఈ మూడింటినీ కలిపి ఆరో అధ్యాయంలో వాడుకున్నావు. అవి జాన్ మెక్‌డొనాల్డ్ అనే మానసిక వైద్యుడు 1963లో రాసిన వ్యాసం నుంచి లోకమంతా పాకినవి. ఆయన గమనించినది చంపుతామని బెదిరించిన 100 మంది రోగులను, చంపినవాళ్లను కాదు. తర్వాత తానే మళ్లీ పరిశీలించి, ఆ మూడు లక్షణాలు భవిష్యత్తును చెబుతాయనడానికి గట్టి ఆధారం లేదని తేల్చుకున్నాడు. అయినా పాత మాటే నిలిచిపోయింది. పక్క తడపడాన్ని మాత్రం నీ నవల నుంచి పూర్తిగా తీసివేయమని గట్టిగా అడుగుతున్నాను. నేను బడిలో పనిచేసిన కాలంలో హాస్టల్ పిల్లలను దగ్గరగా చూశాను. తెల్లవారకముందే లేచి తడిసిన దుప్పటిని ఎవరికీ కనిపించకుండా ఉతుక్కొనే పిల్లలు ఉంటారు. అది చాలావరకు ఎదుగుదలకు సంబంధించిన విషయం, కొన్నిసార్లు భయానికి సంబంధించినది, ఎన్నడూ నేరానికి సంబంధించినది కాదు. ఆ పిల్లవాడు పదో తరగతిలో లైబ్రరీలో నీ పుస్తకం తెరిచి, తనలాంటి వాడు హంతకుడయ్యాడని చదవకూడదు. జంతువులను హింసించడం వేరు సంగతి. అది చాలాసార్లు ఆ ఇంట్లో ఎవరో ఆ పిల్లవాడిని హింసిస్తున్నారనడానికి గుర్తు, వెంటనే ఎవరైనా పట్టించుకోవలసిన గుర్తు. కుక్క మధ్యాహ్నాన్ని ఉంచు. కాని దానిని చూసిన మనుషులను కూడా రాయి. వీధిలో పట్టపగలు జరిగిన పనిని ఎవరూ చూడకుండా ఉండరు. చూసి ఏమన్నారు? "పోరడు గట్లనే చేస్తడు" అని నవ్వి వెళ్లిపోయినవాళ్లు ఎవరు?

ఇప్పుడు హింస పిల్లవాడి లోపల ఏం చేస్తుందో చెప్పాలి, ఎందుకంటే నీవు దెబ్బలను వర్ణించావే గాని వాటి పనిని చూపలేదు. కొట్టే తండ్రి ఉన్న ఇంట్లో పిల్లవాడి చెవులు వయసుకు ముందే పెద్దవాళ్ల చెవులవుతాయి. సైకిల్ స్టాండు వేసిన చప్పుడులోనే ఆ రాత్రి ఎట్లా గడుస్తుందో అతడికి తెలిసిపోతుంది. చెప్పులు విడిచే తీరు, గిలాస కోసం చేయి చాచే తీరు, తల్లి గొంతులో వచ్చే సన్నని మార్పు, అన్నీ అతడు చదువుకుంటాడు. ఒళ్లు ఎప్పుడూ పారిపోవడానికో దెబ్బను ఓర్చుకోవడానికో సిద్ధంగా ఉంటుంది కాబట్టి నిద్ర పలుచనవుతుంది, తరగతి గదిలో పాఠం మీద కాక తలుపు మీద దృష్టి ఉంటుంది, సారు అతడిని మొద్దు అంటాడు. అలా ఏళ్ల తరబడి సాగితే కొందరిలో భయం అరిగిపోయి దాని స్థానంలో మొద్దుబారడం వస్తుంది. తన ఏడుపుకు ఎవరూ రాలేదు కాబట్టి ఏడవడం మానేస్తాడు. తన నొప్పినే గుర్తించడం మానేసినవాడికి ఎదుటివాడి నొప్పిని గుర్తించడం కష్టమవుతుంది. లండన్‌లో జాన్ బౌల్బీ 1944లో ప్రచురించిన పరిశీలనలో దొంగతనాలు చేసిన 44 మంది పిల్లల్లో 14 మంది ఎవరి మీదా మమకారం లేనివాళ్లుగా కనిపించారు. ఆ 14 మందిలో 12 మంది పసితనంలో చాలాకాలం తల్లికి దూరమైనవాళ్లు. వాళ్లు దొంగలే గాని హంతకులు కారు, ఆ తేడాను మరచిపోకు. అయినా మమకారం తెగిపోవడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆ పరిశీలన ఉపయోగపడుతుంది.

ఒంటరి పిల్లవాడు తన కోసం ఒక లోకాన్ని కల్పించుకుంటాడు. నీవూ కల్పించుకొని ఉంటావు, నేనూ కల్పించుకున్నాను, రచయితలందరూ అక్కడి నుంచి వచ్చినవాళ్లే. ఆ ఊహాలోకంలో కొందరు ఎగురుతారు, కొందరు రాజులవుతారు, చాలా కొద్దిమంది తమను బాధించినవాళ్లను బాధిస్తారు. వాళ్లలోనూ దాదాపు అందరూ ఏదో ఒక వయసులో ఆ ఊహను విడిచిపెట్టి బయటికి వస్తారు. బయటికి రానివాడిలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఊహ గట్టిపడుతుంది, అందులోకి లైంగిక కోరిక చేరుతుంది, ఎదుటి మనిషి అందులో మనిషిగా కాక వస్తువుగా మారుతుంది. ఎఫ్‌బీఐ వాళ్లు మాట్లాడిన హంతకుల్లో పదే పదే కనిపించిన విషయం ఇదే. తన చేతిలో ఇంకొకరు నిస్సహాయంగా ఉండడమే అక్కడ అసలు ఆకర్షణ. ఒకప్పుడు తానున్న స్థితిలో మరొకరిని పెట్టడం. కాని అది ఒక్క రాత్రిలో జరగదు. కిటికీలో నుంచి తొంగిచూడడం, దుస్తులు దొంగిలించడం, ఒక అమ్మాయి వెంట ఊరి చివరి దాకా నడవడం, తాగిన రాత్రి ఒకరి మీద చేయి వేయడం, ఆ విషయం ఊరి పెద్దలు డబ్బుతో సర్దివేయడం, ఇలాంటి మెట్లు ఉంటాయి. ప్రతి మెట్టు మీదా అతడు ఆగగలడు, ప్రతి మెట్టు మీదా ఎవరో అతడిని ఆపగలరు. ఆ ఇరవై ఏళ్లను నీవు ఒక ఖాళీ వరుసలో దాటించినప్పుడు అతడి నిర్ణయాలూ పోయాయి, ఊరి బాధ్యతా పోయింది, మిగిలినది తలరాత మాత్రమే. సాంచె మీద పోగు తెగితే నడిపే మనిషి ఆపి ముడి వేస్తాడు, వేయకపోతే గజాల కొద్దీ బట్ట తప్పుగా దిగుతూనే ఉంటుంది. నీవు చెప్పవలసినది పోగు తెగిన క్షణం గురించి కాదు, ముడి వేయని చేతుల గురించి.

అమెరికాలో వరుస హత్యలు చేసిన ఎడ్ కెంపర్ కథ దీనికి ఉదాహరణ. చిన్నప్పుడు తల్లి అతడిని రాత్రిపూట నేలమాళిగలో పెట్టి గడియ వేసేది. పుస్తకాలు ఇక్కడి నుంచి సూటిగా అతడి హత్యలకు వెళ్లిపోతాయి. మధ్యలో జరిగినది చూడు. 1964లో, పదిహేనేళ్ల వయసులో, అతడు తాత, నాయనమ్మలను కాల్చి చంపాడు. ఆసుపత్రి జైలులో పెట్టారు. అక్కడ వైద్యుల పరీక్షల భాషను నేర్చుకొని, వాళ్లు వినగోరినదే చెప్పడం సాధన చేశాడు. 1969లో విడుదలై మళ్లీ ఆ తల్లి దగ్గరికే చేరాడు. 1972, 73 సంవత్సరాలలో ఆరుగురు అమ్మాయిలను, చివరకు తల్లిని, ఆమె స్నేహితురాలిని చంపాడు. నేలమాళిగ ఒక కారణమే కావచ్చు. కాని పదిహేనేళ్లకే రెండు ప్రాణాలు తీసిన పిల్లవాడి విషయంలో ఎందరు పెద్దలు ఎన్ని సంతకాలు పెట్టారో కూడా ఆ కథలో ఉన్నది.

కెంపర్ పేరు ఎత్తాను కాబట్టి తల్లుల గురించి కూడా చెప్పాలి. ఈ రకమైన రచనల్లో తల్లి ఎప్పుడూ దోషి, తండ్రి ఎప్పుడూ నీడ. నీ నవలలో తండ్రి దుబాయి నుంచి వచ్చి వెళుతుంటాడు, తల్లి బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను సాకుతుంది, చివరకు తట్టుకోలేక వెళ్లిపోతుంది. ఆమె వెళ్లిన రాత్రే పిల్లవాడి మనసు "చచ్చిపోయిందని" రాశావు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో తండ్రి గల్ఫ్‌లో ఉండి తల్లి చాట ముందు కూర్చొని పెంచిన పిల్లలు వేల కొద్దీ ఉన్నారు. పేదరికం హింస కాదు. తండ్రి దూరంగా ఉండడం హింస కాదు. దెబ్బల నుంచి ప్రాణం కాపాడుకోవడానికి పారిపోయిన స్త్రీ తన కొడుకు చేయబోయే హత్యలకు బాధ్యురాలు కాదు. ఆమె ఎందుకు పిల్లలను వెంట తీసుకువెళ్లలేకపోయిందో ఒక అధ్యాయం రాయి. తల్లిగారింట్లో ఏమన్నారో, కుల పెద్దలు ఏమన్నారో, బీడీ కంపెనీ కార్డు మీద వచ్చే డబ్బుతో ఎన్ని కడుపులు నిండుతాయో రాయి. అప్పుడు నీ నవల మన ప్రాంతం నుంచి పుట్టినదవుతుంది. ఇప్పుడున్నది అమెరికా హంతకుడి బాల్యానికి సిరిసిల్ల చిరునామా ఇచ్చినట్లుగా ఉన్నది.

పిల్లలను హింస నుంచి నిలబెట్టేది ఏమిటన్న దాని మీద నాకు బాగా నచ్చిన పరిశోధన హవాయి దీవుల్లోని కవాయిలో జరిగింది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, కొట్లాటలు, తాగుడు, మానసిక రోగం ఉన్న ఇళ్లలో పెరిగి, అన్ని రకాల ప్రమాదాలూ ఉన్న పిల్లల్లో ముగ్గురిలో ఒకరు బాధ్యత గల, ప్రేమించగల పెద్దవాళ్లుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించినది, కన్నవాళ్లు కాకపోయినా తమను పట్టించుకొన్న ఒక పెద్ద మనిషి: అమ్మమ్మో, పక్కింటి మనిషో, ఒక టీచరో. నీ కథానాయకుడికి అలాంటి మనిషిని ఇచ్చి చూడు. ఏడో తరగతి లెక్కల సారు ఒకరోజు అతడి చేతి మీద వాతలు చూస్తాడు. అడగబోతాడు. గంట కొడుతుంది. తర్వాత బదిలీ అయిపోతాడు. ఇంతకన్నా ఏమీ జరగనవసరం లేదు. ఆ సారును దుర్మార్గుడిని చేయకు, చాలామంది టీచర్లలాగే అలసిపోయిన మంచి మనిషిని చేయి. చెల్లెలికి మాత్రం అలాంటి ఒక మనిషి నిజంగానే దొరికిందనుకో, తేడా ఎక్కడ వచ్చిందో వ్యాఖ్యానం లేకుండానే పాఠకుడికి కనిపిస్తుంది. అయినా దానినీ సూత్రంగా మార్చకు. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972, 73లలో పుట్టిన పిల్లలను గమనించినవాళ్లు, హింసకు గురైన మగపిల్లల్లో ఒక రకమైన జన్యువు ఉన్నవాళ్లే ఎక్కువగా దౌర్జన్యానికి దిగారని 2002లో చెప్పారు. ఒకే దెబ్బ ఇద్దరి మీద ఒకేలా పనిచేయదు.

బాల్యంలోనే చంపిన పిల్లవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల కథ నీ వాదానికి అనుకూలంగా ఉంటుందని నీవు అనవచ్చు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 1968లో మేరీ బెల్ అనే అమ్మాయి ఇద్దరు చిన్న పిల్లలను చంపింది. మొదటి పిల్లవాడిని చంపిన రోజుకు ఆమెకు పదకొండేళ్లు నిండడానికి ఒక రోజు తక్కువ. ఆమె పసితనం ఘోరమైనది. నీ సూత్రం ప్రకారం ఆమె జీవితమంతా హంతకురాలిగానే ఉండాలి. ఆమె 1980లో విడుదలైంది, కొత్త పేరుతో బతికింది, బిడ్డను కని పెంచింది, మళ్లీ చంపలేదు. చనిపోయిన ఆ ఇద్దరు పిల్లల తల్లుల దుఃఖం దీనితో ఏమాత్రం తగ్గదు, నేను ఆ మాట అనడం లేదు. ఘోరమైన బాల్యం, ఘోరమైన నేరం రెండూ ఉన్న చోట కూడా ముందున్న దారి ఒక్కటే కాదని మాత్రం అంటున్నాను. దీనికి పూర్తిగా భిన్నమైన కథ కొల్హాపూర్‌లో ఉన్నది. రేణుకా షిండే, సీమా గావిత్ అనే అక్కాచెల్లెళ్లు తల్లితో కలిసి 1990 నుంచి 1996 వరకు పిల్లలను ఎత్తుకువచ్చి, దొంగతనాల్లో అడ్డం పెట్టుకొని, పని తీరాక కొందరిని చంపారు. వాళ్లకు నేరం ఇంటి పనిలాగా తల్లి చేతి మీదుగా వచ్చింది. అక్కడ వెతకవలసినది గాయాన్ని కాదు, పెంపకాన్ని. తల్లి విచారణ ముగియకముందే చనిపోయింది. కూతుళ్లకు పడిన ఉరిశిక్షను బొంబాయి హైకోర్టు 2022లో యావజ్జీవంగా మార్చింది.

కొందరి విషయంలో బాల్యం దొరకనే దొరకదు. 1960లలో బొంబాయి పేవ్‌మెంట్ల మీద నిద్రపోయేవాళ్లను చంపిన రామన్ రాఘవ్ 41 హత్యలు ఒప్పుకొన్నాడు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నదని డాక్టర్లు తేల్చాక 1987లో అతడి ఉరిశిక్ష యావజ్జీవ శిక్షగా మారింది, 1995లో పుణెలో చనిపోయాడు. అతడి పసితనం గురించి నమ్మదగినది దాదాపు ఏమీ లేదు. ఆ ఖాళీని పూరించడానికి ఒక క్రూరుడైన తండ్రిని కల్పించి అతడికి అంటగట్టే హక్కు రచయితకు లేదు. గొర్రెకుంట విషయంలోనూ నాది ఇదే మాట. 2020 మే నెలలో గీసుగొండ మండలంలోని ఆ బావిలో తొమ్మిది శవాలు తేలినప్పుడు మన నగరం ఎంత వణికిపోయిందో నీకు తెలుసు. లాక్‌డౌన్‌లో గోనెసంచుల ఫ్యాక్టరీనే నమ్ముకొని ఉన్న వలస కూలీలు, వాళ్లలో మూడేళ్ల పసివాడు కూడా. అంతకుముందు చేసిన ఒక హత్య బయటపడకుండా ఉండడానికే ఇంతమందిని చంపాడని నిర్ధారించి, అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు దోషికి ఉరిశిక్ష విధించింది. నీ తొమ్మిదో అధ్యాయంలోని బావి గొర్రెకుంట బావి అని వరంగల్ పాఠకులందరూ గుర్తుపడతారు, వెంటనే నీవు కల్పించిన బాల్యాన్ని ఆ నిజమైన మనిషికి అన్వయిస్తారు. దాచిపెట్టడానికి చేసిన సామూహిక హత్య వేరు, ఏళ్ల తరబడి ఒక్కొక్కరిని వెతుక్కుంటూ చంపడం వేరు. ఆ బావిని నీ నవల నుంచి తీసివేయి.

పరిశోధన కోసం బాల సదనాలకు వెళ్లి పిల్లలను అడుగుతానని రాశావు. దయచేసి వెళ్లకు. గాయపడిన పిల్లవాడి చేత ఒక అపరిచితుడి పుస్తకం కోసం గాయాన్ని మళ్లీ చెప్పించడం కూడా ఒక హింసే. చట్టం కూడా ఇక్కడ స్పష్టంగా ఉన్నది: బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్, పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012లోని 23వ సెక్షన్ ప్రకారం అలాంటి పిల్లలను గుర్తుపట్టగలిగే వివరాలేవీ బయటపెట్టకూడదు, ఊరి పేరు, బడి పేరు మార్చినంత మాత్రాన చాలదు. దాని బదులు పెద్దవాళ్లతో మాట్లాడు. కాజీపేట స్టేషన్‌లో పారిపోయివచ్చిన పిల్లలను దించుకొన్న కార్యకర్తలు, పిల్లల సహాయ నంబరు 1098కు వచ్చే ఫోన్లు ఎత్తేవాళ్లు, బాలల సంక్షేమ సమితిలో పనిచేసినవాళ్లు, బాధిత స్త్రీల, పిల్లల కోసం పోలీసులు నడిపే భరోసా కేంద్రంలోని కౌన్సెలర్లు పేర్లు చెప్పకుండానే నీకు ఎంతో నేర్పగలరు. సెషన్స్ కోర్టుల తీర్పులు చదువు. అందులోని పొడి భాషలో, సాక్షి ఎన్ని గంటలకు ఎక్కడ నిలబడి ఉన్నాడన్న వివరాల్లో, నవలకు కావలసిన నిజం చాలా ఉంటుంది.

చివరిగా, నీ నవలలో చనిపోయిన ఏడుగురు స్త్రీలలో ఒక్కరికి కూడా బాల్యం లేదు. అతడి పసితనానికి నలభై పేజీలు ఇచ్చావు; వాళ్లకు చీర రంగు, శవం పడి ఉన్న తీరు మాత్రమే ఇచ్చావు. మూడో స్త్రీ జమ్మికుంట పత్తి మార్కెట్లో హమాలీ భార్య అని ఒకచోట రాశావు. ఆమె కూడా తాగి వచ్చే తండ్రి ఇంట్లో పెరిగి ఉండవచ్చు, ఆమె చెవులు కూడా సైకిల్ స్టాండు చప్పుడు వినడం నేర్చుకొని ఉండవచ్చు, ఆ రాత్రి అతడి నడకలో ఏదో తేడా ఉన్నదని ఆమెకు ముందుగా తెలిసి ఉండవచ్చు. పెద్దయి ఆమె ఏం చేసింది, తన పిల్లలను ఎట్లా పెంచింది, ఆ పొద్దున బయలుదేరేముందు పెద్ద కూతురికి ఏ పని చెప్పి వెళ్లింది? మిగిలిన మార్పుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆమె అధ్యాయం రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ అక్క